కింది నుంచి ఎత్తితే

ఫలితం మరీ బాగా వచ్చింది. మంచక్కకు నచ్చనిది అదే.

రైలు ప్లాట్‌ఫారమంత పొడవున్న నీటి తొట్టి. నీటి మీద మూడు వేళ్ల మందాన మంచు; దాన్ని పోసి గడ్డకట్టించేది మంచక్కే. తొట్టికి రెండు వైపులా పట్టాలు, వాటి మీద ఒక బండి. సముద్రంలో కట్టబోయే స్తంభానికి చిన్న నమూనా చేసి, దాన్ని బండికి బిగించి మంచులోంచి లాగుతారు. నీటిమట్టం దగ్గర ఆ స్తంభానికి బోర్లించిన గరాటు లాంటి తొడుగు ఉంది. మంచును ఎదురుగా నిలబడి నలగ్గొట్టాలంటే చాలా బలం కావాలి. వంచితే పలకలా విరిగిపోతుంది. అందుకే ఆ ఏటవాలు: మంచు దాని మీదికి ఎక్కాలి, వంగాలి, విరగాలి. ఆ తొడుగు గీసిన ఇంజనీరును అక్కడ అందరూ గరాటు సారు అనేవారు, ఆయన ఎదురుగా కూడా.

“లెక్కలో రావాల్సిన ఒత్తిడిలో మూడింట రెండొంతులే పడిందక్కా, స్తంభం మీద!” గరాటు సారు చేతులు రుద్దుకున్నాడు. “ఇంకా చిన్న తొడుగు చాలు. సాయంత్రానికి రిపోర్టు రాసేస్తా.”

“మంచుకు మన మీద అంత జాలి ఎందుకో, సారూ?”

“నువ్వు పోసిన మంచే కదా!”

“అందుకే అడుగుతున్నా.”

బండి నడిపే బాబాయ్ తన అద్దాల గదిలోంచి తల బయటపెట్టాడు. “బాగా రాకపోతే బాధ, వస్తే ఇంకా బాధ. అచ్చం మీ అన్న పోలికే.”

పాతికేళ్లు ఆ గదిలో మంచు పోసి, చెల్లెలికి ఆ పని నేర్పిన మనిషి పోయి నాలుగు నెలలైంది.

మంచక్క తొట్టి అంచున మోకాళ్ల మీద కూర్చుని, విరిగిన ముక్కనొకదాన్ని పైకి తీసింది. పైన పిండి చల్లినట్టు సన్నని పొర. దాని కింద నిలువుగా పేర్చిన పెన్సిళ్లలా మంచు. రెండు చివరలూ పట్టుకుని కిందికి వంచింది. ముక్క మొండికేసి, ఆఖరికి విరిగింది. ఇంకో ముక్క తీసి పైకి వంచింది. టక్కున విరిగింది. నమ్మకం కుదరక మరో రెండు తీసింది. అవీ అంతే.

పరీక్షకు ముందు మంచు బలం కొలవడానికి, మూడు వైపులా కోసి నాలుకలాంటి పట్టీని మిగులుస్తారు. దాని కొసను గేజుతో కిందికి నొక్కుతారు. విరిగినప్పుడు వచ్చిన అంకే ఆ మంచు బలం. అన్నయ్య అలాగే నేర్పాడు. ఆ తొట్టికి వచ్చేవి దాదాపు అన్నీ ఓడల నమూనాలే. ఓడ ముక్కు మంచు మీదికెక్కి కిందికి నొక్కుతుంది. ఈ స్తంభం మాత్రం మంచును పైకి ఎత్తుతోంది. అయినా నొక్కే కొలతే తీశారు.

ఆమె లేచి నిలబడింది.

“బాబాయ్, పోయిన చలికాలం అన్నయ్య పరీక్షించిన దీపస్తంభానికీ గరాటే కదూ?”

“అవును. ఆయన చివరి సంతకం ఆ రిపోర్టు మీదే.”

“కట్టేశారా?”

“పునాది పడిందట. తొడుగు ఇంకా మొదలుపెట్టలేదనుకుంటా.” బాబాయ్ మెట్లు దిగి వచ్చాడు. “ఏమంటున్నావమ్మా? మీ అన్న తప్పు చేశాడనా? పోయినవాడు వచ్చి జవాబు చెప్పుకుంటాడా?”

“నేనింకా ఏమీ అనలేదు. కొలవనే లేదు.”

మంచు గంటగంటకూ మెత్తబడుతుంది. మధ్యాహ్నం దాకా ఆగితే ఆ మంచు ఇక ఈ మంచు కాదు. ఆమె సన్నని ఉక్కు పట్టీని కొక్కెంలా వంచి గేజుకు తగిలించింది. పక్కపక్కనే ఆరు నాలుకలు కోసింది. గరాటు సారు రిపోర్టు సంగతి మరిచిపోయి, తడి నేల మీదే బోర్లా పడుకుని కాగితం పట్టుకున్నాడు.

నొక్కిన మూడూ యాభై ఒకటి, నలభై తొమ్మిది, యాభై. ఎత్తిన వాటిలో మొదటిది ముప్పై మూడు, రెండోది ముప్పై ఐదు. మూడోది కొక్కెం తగలగానే విరిగింది. దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

“అంటే ఇదంతా నా గరాటు గొప్పతనం కాదన్నమాట,” అన్నాడు గరాటు సారు.

“గొప్పదే సారూ. మనమే దానికి మెత్తని శత్రువును చూపించాం.”

“సముద్రంలో మంచుకూ ఇంత తేడా ఉంటుందా?”

“నాకూ తెలుసుకోవాలనే ఉంది. కానీ మనం మాట ఇచ్చింది యాభైకి. ఎత్తినా యాభై ఉండే మంచు పొయ్యాలి.”

బాబాయ్ విరిగిన నాలుకలను చాలాసేపు చూశాడు. “మీ అన్న ఉంటే ఒప్పుకునేవాడు కాదు. పూటంతా నిన్ను తిట్టేవాడు.”

“తర్వాత?”

“తర్వాత ఎవరికీ చెప్పకుండా వచ్చి, తనే కొలుచుకునేవాడు.” ఆయన ముఖం తిప్పుకున్నాడు. “వెళ్లు. ఫోన్ చెయ్యి.”

పక్క గదిలో చేతి తొడుగులు తీసి, వేళ్లలోకి వేడి వచ్చేదాకా ఆగింది. దీపస్తంభం కట్టేవాళ్ల ఆఫీసులో ఎవరో ఫోన్ ఎత్తారు. ‘మా అన్నయ్య పరీక్షలో’ అని మొదలుపెట్టాలనుకుంది. “మా పరీక్షలో ఒక కొలత తప్పు దిక్కులో తీశామండీ,” అంది.

“రిపోర్టు మీద సంతకం చేసినాయన్ని ఒకసారి పిలుస్తారా?”

“ఆయన లేరు. నన్నడగండి.”

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు. “తొడుగు పని ఎల్లుండి మొదలు. ఆపాలా?”

“ఆపండి.”

“ఎన్నాళ్లు?”

“మంచు పొయ్యడానికి రెండు రోజులు. సరిగ్గా రాకపోతే ఇంకో రెండు. మీ దగ్గర పాత నమూనా ఉందా?”

“గోదాంలో ఉన్నట్టుంది.”

“పంపించండి. తొడుగు మీద గీతలు పడి ఉంటే తుడవకండి, మంచు ఎక్కడెక్కడ రాసుకుందో చూడాలి.”

అద్దంలోంచి తొట్టి కనిపిస్తోంది. గరాటు సారు ఎవరినీ అడక్కుండానే ఏడో నాలుక కోస్తున్నాడు.

“ఒక్క నిమిషం ఉండండి,” అని ఫోన్‌లో చెప్పి, ఆమె తలుపు తెరిచింది. “సారూ! రంపం అంత వంచకండి, వేళ్లు పోతాయి!”