గంజి పెట్టిన రెండు రూపాయలు

నేను ఒక రెండు రూపాయల నోటును. పాతదాన్ని, వెనుక పులి బొమ్మ ఉన్నదాన్ని. అచ్చయిన కొత్తలో నాకు భలే పొగరు ఉండేది. నన్ను చూపిస్తే సినిమా హాల్లో నేల టికెట్టు ఇచ్చి, పైన చిల్లర కూడా చేతిలో పెట్టేవారు. కూరల బుట్టల్లో తిరిగాను, జీతాల కట్టల్లో తిరిగాను, గుడి హుండీలో కూడా పడ్డాను. హుండీలో వేసేటప్పుడు మనుషులు నన్ను నాలుగు మడతలు పెడతారు, రెండు రూపాయలేనని పక్కవాడికి తెలియకుండా. దేవుడికి తెలుస్తుందన్న బెంగ మాత్రం ఎవరికీ ఉండదు.

చివరికి విజయనగరంలో ఒక పోస్టాఫీసు గుమాస్తా నన్ను తన పెళ్లికోటు లోపలి జేబులో పెట్టి మరిచిపోయాడు. ఏళ్ల తరబడి కలరా ఉండల వాసన పీలుస్తూ, బయట నా విలువ పడిపోతోందన్న కబురే తెలియక మహారాణిలా నిద్రపోయాను. ఆయన పోయాక భార్య సుభద్రమ్మగారు ఆ కోటును ఎవరికో ఇచ్చేద్దామని ఇస్త్రీకి పంపారు. ఇస్త్రీ బండి దగ్గర పైడితల్లి జేబులు తడిమి నన్ను బయటికి లాగింది. పని ఆపి మరీ తీసుకెళ్లి ఆవిడ చేతికి ఇవ్వబోయింది.

"ఉంచుకోవే, దాన్ని నేనేం చేసుకుంటాను?" అన్నారు సుభద్రమ్మగారు. నా ప్రాణం చివుక్కుమంది.

పైడితల్లి మొగుడు సూరప్పడు. ఇద్దరిదీ ఒకటే బండి. గంజి పెట్టడంలో అతను మొనగాడు, ఇస్త్రీ ఆమెది. బరువైన బొగ్గుల పెట్టె తోసీ తోసీ ఆమె మణికట్టు వాచిపోయింది. అన్నం కలుపుకుంటుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. తేలికపాటి గ్యాసు ఇస్త్రీ పెట్టె కొనాలని ఇద్దరూ కూడబెట్టుకుంటున్నారు. ఆ డబ్బు ఆమె నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో ఉండేది, నేనూ అందులోనే.

ఇంతలో సూరప్పడి ఫోనులో ఒక వీడియో కనిపించింది. పులి బొమ్మ ఉన్న రెండు రూపాయల నోటుకు ఏడు లక్షలట! నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మేశాను. పొగడ్త ఎవరికి చేదు? సూరప్పడు వెంటనే వీడియోలో ఉన్న నంబరుకు ఫోన్ చేశాడు. అవతల గొంతు తేనెలో ముంచినట్టు ఉంది. నోటు తమకు కావాలంది, డబ్బు సిద్ధంగా ఉందంది. ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు ఆరు వేలు పంపితే చాలంది. గ్యాసు పెట్టె కోసం దాచింది సరిగ్గా అంతే.

"ఒలే, ఆ సంచి ఇలా తే" అన్నాడు సూరప్పడు.

పైడితల్లి సంచి మీద చెయ్యి వేసుకుంది. "గేదెని కొనీవోడు డబ్బులట్టుకొత్తాడు గానీ, అమ్మీవోడి కాడ పలుపుకి డబ్బులడుగుతాడేటి మావా?"

సూరప్పడికి కోపం వచ్చింది. ఒక పూట అన్నం మానేశాడు, రెండో పూట ఆకలేసి తినేశాడు. ఆఖరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఆదివారం ఊళ్లో పాత నాణేలు, నోట్ల ప్రదర్శన ఉంది. అక్కడ పాత నోట్ల సంగతి తెలిసినవాళ్లకు నన్ను చూపించాలి. లక్షల మాట నిజమంటే ఫీజు పంపాలి, కాదంటే మళ్లీ ఆ ఊసెత్తకూడదు.

శనివారం సూరప్పడు నన్ను చూసి మొహం చిట్లించాడు. "పెళ్లిచూపులకి మాసిన బట్టల్తో అంపుతామేటి?" అంటూ పల్చటి గంజిలో ముంచి, నీడన ఆరబెట్టి, పైన పాత పంచె ముక్క కప్పి, తనే ఇస్త్రీ చేశాడు. నేను ఎన్నికలకు నిలబడ్డవాడి చొక్కాలా తయారయ్యాను. కదిలితే ఫెళఫెళమంటున్నాను.

ప్రదర్శనలో బల్ల వెనక కూర్చున్న పెద్దాయన నన్ను వెలుతురుకు ఎత్తి చూశాడు, తరువాత వాసన చూశాడు. "దీనికి గంజి పెట్టారా?"

"ఇస్త్రీ కూడా సేసేను బాబూ! ఎక్కడైనా మడతుందేటో సూడండి!"

పెద్దాయన తల పట్టుకున్నాడు. "పాత నోటును ఉన్నదున్నట్టు ఉంచాలయ్యా. ఇలా చేస్తే ఎవరూ కొనరు. ముట్టుకోకుండా తెచ్చుంటే ఓ వంద ఇచ్చేవాణ్ని."

"మరి ఏడు లచ్చలో?"

"లక్షలు ఆ వీడియోల్లోనే ఉంటాయి."

సూరప్పడి ముఖం వాడిపోయింది. నన్ను మెల్లగా తన జేబులో పెట్టుకున్నాడు. నాకు జాలేసింది. పైడితల్లి మాత్రం ఒక్క మాట దెప్పలేదు. "ఇంటికెల్తే మల్లీ ఆ ఫోనొత్తాది, నీ మనసు మల్లీ మారతాది. పద" అంటూ అతన్ని తిన్నగా కొట్టుకు లాక్కెళ్లి గ్యాసు పెట్టె కొనేసింది.

మర్నాడు ఆమె కొత్త పెట్టెతో చొక్కా మీద చొక్కా తీస్తుండగా ఫోన్ మోగనే మోగింది. రేటు తొమ్మిది లక్షలకు పెరిగిందట, ఫీజు కట్టడానికి ఇవాళే ఆఖరట. సూరప్పడు నన్ను జేబులోంచి తీశాడు. పులిని వదిలేసి, మొదటిసారి నా మీది అక్షరాలు చదివాడు.

"బాబూ, దీని మీద రెండు రూపాయలని తెలుగులోనే రాసుంది. రెండుకే ఇచ్చెత్తాను. గంజికీ ఇస్త్రీకీ పదిహేను. మొత్తం పదిహేడూ ముందు నువ్వంపు, తరవాత నోటంపుతాను."

అవతల ఫోన్ టక్కున పెట్టేశారు. పైడితల్లి పెట్టె పక్కన పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వేదాన్నే. కానీ నాకంటే నా ఇస్త్రీ ఖరీదెక్కువని తేలాక, నవ్వడానికి కాస్త సిగ్గేసింది.