అమ్మకానికి లేని రంపం

నా పాత మోటారు రంపం ముప్పై ఒక్క ఏళ్లు బతికింది. ఒక చలికాలం పొగగొట్టంలో పొగ గడ్డకట్టుకుపోతే, దాంతోనే ముక్కలు కోసి మంచులో పారేశాను. నమ్మనివాళ్లు ఆ ముక్కలు చూపించమంటారు. ఎండలొచ్చాక కరిగిపోయాయి, నన్నేం చేయమంటారు? అలాంటి రంపం మొన్న కన్నుమూసింది.

నా కూతురు కైసా ఇదే అదను అనుకుంది.

"ఎనభై ఏళ్లొచ్చాయి నాన్నా. ఇక కోసిన కట్టెలు కొనుక్కుందాం. శనివారం లోడు తెమ్మని చెప్పేశాను."

మా వైపు కొన్న కట్టెలతో సౌనా, అదే ఆవిరిస్నానాల గది, కాచుకునేవాడు మంచం పట్టినవాడైనా అయ్యుండాలి, పట్నంవాడైనా అయ్యుండాలి. నేను రెండూ కాను.

"వేరే రంపం తాడు మూడుసార్లు లాగేలోగా నా చేతిలో అంటుకుంటే లోడు వద్దంటావా?"

"అంటుకోకపోతే మళ్లీ రంపం మాటెత్తకూడదు మరి."

ఊళ్లో రంపాలమ్మే హెమ్మో కొట్టుకి వెళ్లాం. పొయ్యి పక్కన మెరుస్తున్న రెండు రంపాలు, చిన్నది బ్యాటరీది, పెద్దది పెట్రోలుది, చూపించి పొగడ్తలు లంకించుకున్నాడు.

"వెచ్చటి గదిలో నేనూ కుర్రాణ్ణేరా. ఆ రెండూ బయట మంచులో పెట్టు. ఈలోగా మాకు కాఫీ ఇవ్వు."

"బయట మైనస్ ఇరవై ఎనిమిది, ఓయివా మామా!"

"నేను కట్టెలెక్కడ కోస్తాననుకున్నావ్, నీ ఒళ్లోనా?"

నాలుగు కప్పులయ్యాక బయటికొచ్చాం. బ్యాటరీది ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. పెద్దదాని తాడు రెండుసార్లు లాగాను. నా భుజం కదిలింది గాని అది కదల్లేదు.

"ఇంకొక్కటే నాన్నా," అంది కైసా, నవ్వు ఆపుకోకుండా.

అప్పుడు కనిపించింది ఒక పాత రంపం, వసారా మేకుకి వేలాడుతూ. రంగుపోయి, పిడికి గుడ్డ చుట్టి, ఒళ్లంతా మంచు.

"అదెవరిదిరా?"

"నాదే మామా. అమ్మకానికి కాదు. మా ఇంటి కట్టెలు దాంతోనే..."

"ఓహో! ఊరికి మెరిసేవి అమ్మి, నువ్వు దీంతో కోసుకుంటున్నావా?"

హెమ్మో చెవులు ఎర్రబడ్డాయి. చలికి కాదు.

రంపాన్ని నేలమీద పెట్టి, కాలితో తొక్కిపట్టి, మూడోసారి లాగాను. గర్జించింది. కొట్టు ముందున్న బర్చ్ చెట్టు దుంగ మీద పెట్టాను.

"మామా, అది జనం కూర్చునే బెంచీ!"

"ఇప్పుడు కట్టెలు."

ఆరు ముక్కలు చేసి ఆపాను. "ఇది నాకు. నీకు మెరిసేవి రెండున్నాయిగా, వాటితో కోసుకో."

కైసా చేతితొడుగు పళ్లతో లాగి ఫోను తీసింది.

"శనివారం లోడు వద్దండీ... లేదండీ, మా నాన్న బాగానే ఉన్నాడు. అదే సమస్య."