కళ్లకద్దుకున్న బంతి

డాబా ఎక్కితే క్రికెట్ స్టేడియం దీపాలు కనబడే చోట పుట్టి, రగ్బీ ఆడతానన్నవాడిని ఏమనాలి? చిల్కానగర్ వాళ్లు ఉపేందర్‌ని చాలానే అన్నారు. కుస్తీ అన్నారు, కోడిగుడ్డు బంతాట అన్నారు. బంతిని ముందుకు విసరకూడదనీ, వెనకవాడికే అందించాలనీ, గీత దాటడంతో సరిపోదు, నేలకు ఆనిస్తేనే అది 'ట్రై' అనీ, అప్పుడే పాయింట్లనీ పన్నెండేళ్లుగా అతను ఓపిగ్గా చెబుతూనే ఉన్నాడు. అంతా విని, "అయితే కబడ్డీ లెక్కనే" అని తేల్చేసేవారు.

వీడియో వచ్చాక ఆ చెప్పే పని కూడా తప్పింది. రెండేళ్ల కిందట ముంబయిలో లీగు పోటీలు జరిగాయి. జీతమిచ్చి ఆడించే జట్టులో ఉపేందర్‌కి అదే మొదటి ఏడు. సెమీఫైనల్ చివరి నిమిషంలో బంతి చంకన పెట్టుకుని అరవై మీటర్లు పరుగెత్తాడు, అడ్డమొచ్చిన ఇద్దరిని విదిలించుకున్నాడు, గీత దాటాడు. ఇక వంగి ఆనించడమే మిగిలింది. ఆ పని చేయకుండా రెండు చేతులా బంతిని పైకెత్తి కళ్లకద్దుకున్నాడు. వెనక నుంచి వచ్చినవాడు మోచేతి మీద ఒక్కటి వేశాడు. బంతి ఎగిరి అవతల పడింది. జట్టు ఓడింది. మరుసటి ఏడు జాబితాలో అతని పేరు లేదు. ముప్పై లక్షల మంది ఆ ముక్క చూసి నవ్వుకున్నారు.

చేతులు వాటంతట అవే లేచాయి మరి. వాటికా అలవాటు చేసింది తల్లి మల్లవ్వ. జనగామ వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా నాచారంలో అప్పడాల ఫ్యాక్టరీలో పనిచేస్తున్న మనిషి. పుస్తకానికి గానీ చాటకు గానీ కాలు తగిలిందా, కళ్లకద్దుకోవాల్సిందే. చేతికి మంచిదేదైనా వచ్చినా అంతే. "కండ్లకద్దుకో బిడ్డా" అన్న మాట వినకుండా ఉపేందర్ ఏ ముద్దా నోట్లో పెట్టుకుని ఎరగడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, రెండేళ్లుగా తన ఓటమి కోపమంతా ఆమె మీదే చూపిస్తున్నాడు.

ఈ ఆదివారం అదే జట్టు వాళ్లు చిల్కానగర్ గ్రౌండుకు వచ్చి ఆటగాళ్లను ఎంపిక చేస్తారని కబురు తెచ్చింది కోచ్ అచ్యుతరావు. రిటైరైన డ్రిల్లు మాస్టారు, ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాడు. "ఒరే, నీకు ఇరవై తొమ్మిది నిండాయి. ఇది తప్పితే మరోటి లేదు. ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడు" అన్నాడు.

పొద్దున్నే మల్లవ్వ రొట్టెల డబ్బా సర్దడం చూసి ఉపేందర్ ఒంటికాలి మీద లేచాడు. "నువ్ రాకు. నువ్వొస్తే నాకు మల్ల గదే యాదికొస్తది."

"దూరం గూసుంటలే కొడకా. నోరు గూడ తెరువ."

అన్నట్టే గోడ పక్కన నీడలో కూర్చుంది. పక్కన క్రికెట్ ఆడేవాళ్లు జరగమంటే జరగరు. వాళ్ల బంతి రెండుసార్లు వచ్చి ఇతని వీపుకు తగిలింది. మోకాలు సలుపుతోంది. అయినా ఉపేందర్ ఆ రోజు ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు. నాలుగుసార్లు గీత దాటాడు. నాలుగుసార్లూ మేకు దిగ్గొట్టినట్టు బంతిని మట్టిలో అదిమాడు. చేతులు పైకి లేస్తామన్నాయి. లేవనివ్వలేదు.

ఆట అయ్యాక జట్టు తరఫున వచ్చిన తేజేష్ నవ్వుతూ భుజం తట్టాడు. "సూపర్ బ్రో. నిన్ను తీసుకుంటున్నాం."

ఉపేందర్‌కి గుండె నిండిపోయింది.

"ఆడే వాళ్లలో కాదు గానీ, టీమ్‌తోనే ఉంటావు. జీతం అదే. ప్రతి మ్యాచ్ ముందు కెమెరా ఎదురుగా బంతిని కళ్లకద్దుకుని రిఫరీకి అందిస్తావు. జనానికి నువ్వంటే అదే గుర్తు."

"నాలుగు ట్రైలు గొట్టిన సార్. సూడలేదా?"

"కాల్‌లో ఉన్నా బ్రో. అయినా ఏజ్ కూడా చూడాలి కదా. సరే, ఇప్పుడొక చిన్న వీడియో తీద్దాం. బంతి ఎత్తు."

అచ్యుతరావు చెవి దగ్గరికొచ్చాడు. "ఎత్తరా. నీ సొమ్మేం పోయింది? ముందు లోపలికి చేరు."

కెమెరా పట్టుకున్నవాడు రెడీ అన్నాడు. ఉపేందర్ బంతి పట్టుకుని నిలబడ్డాడు. ఆనాడు వద్దన్నా లేచిన చేతులు ఈనాడు అడిగినా లేవలేదు. పన్నెండేళ్లు ఒళ్లు హూనం చేసుకుని నేర్చిన ఆటలో వీళ్లకు కావలసింది ఆ ఒక్క తప్పేనా? ఒళ్లు మండిపోయి బంతిని నేలకేసి కొట్టాడు. కోలబంతి కదా, ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. గెంతుకుంటూ పోయి మల్లవ్వ పాదానికి తగిలి ఆగింది.

"అయ్యో తల్లీ" అంటూ మల్లవ్వ డబ్బా పక్కన పెట్టింది. బంతికంటిన మట్టిని కొంగుతో తుడిచి, రెండు చేతులా ఎత్తి, కళ్లు మూసుకుని అద్దుకుంది. ఎవరైనా చూస్తున్నారన్న ధ్యాసే లేదామెకు.

"అదీ! అదే కావాలి!" తేజేష్ అరిచాడు. "అమ్మా, ఇటు తిరిగి ఇంకోసారి!"

కెమెరా అటు పరుగెత్తింది. సలుపుతున్న మోకాలితోనే ఉపేందర్ దానికన్నా ముందు చేరి, తల్లికి అడ్డంగా నిలబడ్డాడు. "మా అమ్మను తియ్యొద్దు సార్."

"ఆమె చేస్తే ఇంకా..."

"తియ్యొద్దన్న గద!"

తేజేష్ చేతులు విదిల్చి, నీ ఇష్టం బ్రో అని, కాగితంలో ఇంకో పేరు వెతుక్కున్నాడు. అచ్యుతరావు తలపట్టుకున్నాడు. "చేతిదాకా వచ్చింది నోటిదాకా రానివ్వవు కదరా!"

ఉపేందర్ గోడ నీడలో కూలబడ్డాడు. ఈ మనిషినా తాను రెండేళ్లుగా అన్నన్ని మాటలన్నది? సిగ్గేసింది.

"పోయిందా బిడ్డా?" మల్లవ్వ భయంగా అడిగింది. "నా కాలు తగిలినందుకేనా?"

"నీ కాలుదేం లేదమ్మా. నేనే ఇసిరికొట్టిన."

ఆమెకేమీ అర్థం కాలేదు. డబ్బా తెరిచి రొట్టె చేతిలో పెట్టింది. ఈసారి మాత్రం కండ్లకద్దుకోమని అనలేదు, పెదవులు బిగించుకుని కూర్చుంది. ఉపేందర్ చేతులు వాటంతట అవే పైకి లేచాయి. వెనక నుంచి వచ్చి కొట్టేవాడెవడూ లేడు గనక, రొట్టెను చాలాసేపు కళ్ల మీదే ఉంచుకున్నాడు.