అంబదాస్ కాలి చప్పుడు

పొద్దున తొమ్మిది కాగానే డాక్టర్ హైమవతి మధురానగర్‌లో ఇంటికి తాళం వేసి, అమీర్‌పేట స్టేషన్‌లో జనాన్ని తోసుకుంటూ మెట్రో ఎక్కి, పక్క స్టేషన్ పంజాగుట్టలోనే దిగుతుంది. ఆ కాస్త దూరం నడవచ్చు కదా అని ఎవరైనా అంటే ఆమెకు ఒళ్ళు మండుతుంది. నడవడానికి ఫుట్‌పాత్ ఏదీ? సగం కోచింగ్ సెంటర్ల బోర్డులు, సగం బజ్జీల బండ్లు. నిజానికి ఆమెకు ఒళ్ళు మండని విషయాలు తక్కువే. యాభై దాటినా కోపం మాత్రం ఇంకా కాలేజీలోనే ఉందని భర్త రామకృష్ణ గారు అంటుంటారు, ఆమెకు వినపడనంత దూరంలో నిలబడి.

ఆమె పనిచేసే స్కానింగ్ సెంటర్ చీరల షోరూమ్ పైన రెండో అంతస్తులో ఉంది. ఏప్రన్ తొడుక్కుంటుంది, బల్ల మీద పడుకున్న మనిషి ఒంటికి చల్లటి జెల్ రాస్తుంది, అరచేతిలో ఇమిడే స్కానింగ్ పరికరం ప్రోబ్‌ను ఆనిస్తుంది. ఆమె చేసే డాప్లర్ స్కాన్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పంజాగుట్ట చౌరస్తాలో అంబులెన్సు మనవైపు వస్తుంటే కూత పదునుగా వినిపించి, మనల్ని దాటి వెళ్ళగానే బొంగురుపోతుంది చూడండి, అదే లెక్క. ప్రోబ్ మన చెవికి అందని శబ్దాన్ని లోపలికి పంపిస్తుంది. అది రక్తకణాలకు తగిలి తిరిగొస్తుంది. రక్తం ప్రోబ్ వైపు వస్తుంటే శబ్దం పదునెక్కుతుంది, దూరంగా పోతుంటే బొంగురుపోతుంది. ఆ తేడాను పట్టుకుని రక్తం ఎంత వేగంతో పోతోందో మెషీన్ చెబుతుంది.

మిగతా ఊళ్ళలో స్పీకరులోంచి వచ్చేది ఉత్త హుష్ హుష్ అనే మోతేనట. ఇక్కడ మాత్రం ఎవరి రక్తం వాళ్ళ పని చప్పుడు చేస్తుంది. బస్సు డ్రైవరు మెడ మీద ప్రోబ్ పెడితే గేర్లు మారతాయి. అమీర్‌పేటలో జావా నేర్పే మాస్టారి మెడలో కీబోర్డు టకటకలాడుతుంది. ఇడ్లీ బండి ఆవిడ కాల్లో గ్రైండర్ తిరుగుతుంది. ఇంకా ఏ పనీ చేతకాని కడుపులో బిడ్డ రక్తం ఊరికే ఈల వేసుకుంటుంది. ఒకసారి మొదలైందంటే ప్రోబ్ తీసేసినా ఆగదు, సాయంత్రం దాకా మనిషితోపాటే ఉంటుంది. లిఫ్టులో, మెట్రోలో అలా చప్పుడు చేసుకుంటూ వెళ్ళేవాళ్ళను ఎవరూ వింతగా చూడరు. పక్కనున్న వాళ్ళు "స్కానింగా?" అని అడిగి కాస్త జరిగి చోటిస్తారు.

ఇంత చక్కటి ఏర్పాటుకు అడ్డుపడ్డవాడు సెంటర్ యజమాని డాక్టర్ చక్రపాణి. ఇంకాసేపు వింటామంటూ పేషెంట్లు బల్ల దిగడం లేదని, బయట జనం పేరుకుపోతున్నారని, మెషీన్లన్నింటికీ స్పీకర్లు ఆపించాడు. అంతటితో ఊరుకున్నాడా? కాళ్ళ స్కాన్ చకచకా అయిపోవాలని అందరికీ ఒకటే సెట్టింగు పెట్టాడు. ప్రోబ్ ఏటవాలుగా పట్టుకోవడానికి ఓపికుండాలి కాబట్టి నిలువుగా గుచ్చి పట్టుకోవడం మొదలుపెట్టాడు. "చెవులు మూసుకుని పాటల పోటీకి మార్కులేసినట్టుందండీ మీ పద్ధతి" అని హైమవతి మొహం మీదే అనేసింది. దానికి ఫలితంగా కాళ్ళూ మెడలూ ఆయన తీసుకుని, ఆమెను గర్భిణుల గదికి మార్చాడు. ఆమె అక్కడ తలుపేసుకుని, స్పీకరు చిన్నగా పెట్టుకుని, తల్లులకు వాళ్ళ బిడ్డల ఈలలు వినిపిస్తూ కోపాన్ని దిగమింగుకుంటోంది.

ఆ రోజు తలుపు కొట్టింది గర్భిణి కాదు. నడివయసు ఆవిడ, ఒక చేత్తో భర్తను పట్టుకుని, ఇంకో చేత్తో తలుపు తోసింది. ఆమె అంజమ్మ. భర్త అంబదాస్. సిరిసిల్ల నుంచి వచ్చి గురుద్వారా వెనక సందులో ఏళ్ళ తరబడి బ్లౌజులు కుడుతున్న టైలర్. కుడికాలికి గుడ్డ చుట్టి ఉంది.

"అమ్మా, నేను కొట్లాటకు రాలే" అంది అంజమ్మ, సరిగ్గా కొట్లాట గొంతుతో. "మా గల్లీల అందరి రక్తం సప్పుడైంది. ఇస్త్రీ బండాయనది ఐంది, పాల బూత్ పింకీది ఐంది. మొన్న మా ఆయనకు పక్క రూమ్‌ల పెద్ద సారు చేసిండు, సప్పుడు లేకుంట చేసిండు. కాల్ల రక్తమే పోతలేదని రాసిచ్చిండు. ఇయ్యాల పగటాల్ల మోకాలు కింద తీసేస్తరట."

"అయితే ఇక్కడికెందుకు వచ్చారమ్మా?"

"పొయ్యే కాలు ఎట్లన్న పోతది. పొయ్యేకంటె ముంగట ఒక్కసారి దాని సప్పుడు ఇనిపియ్యుండ్రి. ఫోన్‌ల పెట్టుకుంట."

అంబదాస్ సిగ్గుపడ్డాడు. "చెప్తె ఇనది మేడమ్. ఆస్పత్రికి పోతుంటె ఆటో ఆపి ఈడ దించింది. బొటనవేలు నల్లబడ్డది. మిగతదంత మంచిగనే ఉన్నట్టు కొడ్తది గని, సారు రాసిండంటె ఇగ..."

రక్తం పోని కాలు ఏం చప్పుడు చేస్తుందమ్మా అని అడగబోయి హైమవతి ఆగిపోయింది. కోసేసే కాలి గొంతు దాచుకుందామని వచ్చిన మనిషితో అనే మాట కాదది. అతన్ని బల్ల మీద పడుకోబెట్టి గుడ్డ విప్పింది. వేలు బొగ్గులా ఉంది. పాదం చల్లగా ఉంది కానీ చచ్చిన చల్లదనం కాదు. పాదాన్ని అరచేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో చక్రపాణి తీసిన బొమ్మలను కంప్యూటర్‌లో తెరిచింది. చూస్తున్నకొద్దీ ఆమె చెవులు వేడెక్కాయి.

ప్రతి బొమ్మలోనూ ప్రోబ్ రక్తనాళానికి నిట్టనిలువుగా ఉంది. అలా పెడితే రక్తం ప్రోబ్ వైపు వచ్చేదీ కాదు, దూరంగా పోయేదీ కాదు, దాని ఎదుట అడ్డంగా పోతుంది. శబ్దంలో తేడా రాదు. తేడా లేదు గనక ప్రవాహం లేదంటుంది మెషీన్, పాపం దానికేం తెలుసు! పైగా ఫిల్టరు. రక్తనాళం గోడ దడదడ బొమ్మను పాడుచేయకుండా తక్కువ వేగాలన్నిటినీ కోసేస్తుందది. దాన్ని పైకి పెడితే బొమ్మ అద్దంలా వస్తుంది, నీరసించిన రక్తం కూడా ఆ గోడతోపాటే చెత్తలోకి పోతుంది. ఒంట్లో జబ్బు లేనివాళ్ళకు సరిపోయే సెట్టింగును జబ్బుపడ్డ కాలి మీద రుద్దాడు. టీ తాగే వ్యవధి కూడా తీసుకోకుండా ఒక మనిషి కాలిని చచ్చిందని తేల్చాడు. మొదటి సంవత్సరం పిల్లలకు నేర్పే పాఠం ఇది. తెలియక చేశాడంటే జాలిపడవచ్చు. తెలిసీ చేసినవాడి మీద జాలేమిటి?

ఆమె ప్రోబ్‌ను చీలమండ లోపలి వైపు ఏటవాలుగా ఆనించింది. వేగం కొలతను కిందికి దించింది, ఫిల్టరును ఇంకా కిందికి దించింది. స్పీకరు పూర్తిగా పెంచింది. గరగర తప్ప ఏమీ రాలేదు. అంజమ్మ ఫోను పైకెత్తి పట్టుకుని ఊపిరి బిగబట్టింది. హైమవతి వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ వెతికింది.

టక్... టక్... టక్...

"మిషను!" అంది అంజమ్మ. "మన మిషనేనయ్యా!"

కుట్టు మిషనే. చాలా మెల్లగా, ఒక్కో కుట్టూ ఆలోచించి వేస్తున్నట్టు నడుస్తోంది. "మందం గుడ్డ మీద గిట్లనే పోతది" అన్నాడు అంబదాస్. ఆ తర్వాత కప్పు వంక చూస్తూ పడుకున్నాడు.

హైమవతి ఊరుకోలేదు. పాదంలో ఇంత నీరసంగా ఉందంటే పైన ఎక్కడో ఇరుకు ఉండాలి. పిక్క, మోకాలు, తొడ, పైకి వెతుక్కుంటూ వెళ్ళింది. తొడ మధ్యలో ఒకచోట మిషను ఒక్కసారిగా కీచుమంటూ పరుగందుకుంది, తెర మీద రంగులు చెదిరిపోయాయి. నీళ్ళ పైపు మూతి వేలితో నొక్కితే ఎలా చిమ్ముతుందో అలా చిమ్ముతోంది రక్తం ఆ సన్నటి సందులోంచి.

"అంబదాస్ గారూ, దారి మూసుకుపోలేదు. ఇక్కడ ఇరుకైంది, అంతే. లోపలికి బెలూన్ పంపి తెరవచ్చు. వేలు పోతుందేమో గానీ కాలు పోనక్కర్లేదు."

అంతలో తలుపు తెరుచుకుంది. "ఏంటి హైమవతి గారూ ఈ రొద? హాల్లో అంతా లేచి నిలబడ్డారు" అంటూ చక్రపాణి లోపలికొచ్చాడు.

"మీరు లేదన్న రక్తం చేస్తున్న రొదండీ. వినండి. ఇలా నిలువుగా పట్టుకుని, ఫిల్టరు నెత్తికెక్కించి, ఏం చూశారు మీరు? ఇప్పుడే రిపోర్టు మార్చి ఇవ్వండి. మధ్యాహ్నం కాలు తీసేస్తున్నారు."

ఆయన తెర వంక చూశాడు. అర్థమైందని మొహంలో తెలుస్తూనే ఉంది. "నా సంతకంతో వెళ్ళిన రిపోర్టు అది. ఇవాళ మారిస్తే సెంటర్ పరువేం కావాలి?"

"మీ పరువుకు రెండు కాళ్ళూ ఉన్నాయి లెండి. పోయేది ఈయనది."

చక్రపాణి గబగబా వచ్చి గోడ దగ్గర స్విచ్ ఆపేశాడు. తెర నల్లబడింది. స్పీకరు ఆగింది. కాలు ఆగలేదు. బల్ల మీద టక్, టక్ అంటూ తన పాటికి తాను కుట్టుకుంటూనే ఉంది.

"నా సెంటర్ పేరుతో ఒక్క ముక్క రాసిచ్చారంటే రేపటి నుంచి రానక్కర్లేదు" అన్నాడాయన.

"రాసివ్వను. మీ ప్రింటర్ మీరే ఉంచుకోండి." హైమవతి ఏప్రన్ విప్పి కుర్చీలో పడేసి, అంబదాస్‌ను రెండో పక్క నుంచి పట్టుకుంది. "పదండమ్మా, నేనూ వస్తాను."

ఆటో ఎక్కగానే డ్రైవరు మెడ తిప్పకుండానే అడిగాడు, "టైలరా అన్నా?"

"అవునన్నా" అన్నాడు అంబదాస్. డ్రైవరు కుదుపు లేకుండా నడిపాడు. హైమవతికి ఆ మర్యాద చూసి ఇంకా కోపమొచ్చింది. దారినపోయే మనిషికి ఉన్నపాటి చెవి డాక్టరుకు లేకపోయింది కదా అని దారి పొడుగునా పళ్ళు నూరుకుంది.

ఎర్రమంజిల్ వైపు రోడ్డులో ఉన్న ఆ ఆస్పత్రిలో సర్జన్ విజయేందర్ అప్పటికే వీళ్ళ కోసం చూస్తున్నాడు. అంబదాస్‌ను మంచం మీద పడుకోబెట్టి మందపాటి దుప్పటి కప్పేసరికి చప్పుడు అణిగిపోయింది. హైమవతి తను ఎవరో, ఏం చూసిందో చెప్పింది. అతను ఓపిగ్గా విని తల అడ్డంగా ఊపాడు.

"మేడమ్, మీరు చెప్పేది మంచిగనే ఉంది. కాని నాకు కాయితం కావాలె. మీ పెద్దాయన రిపోర్ట్‌ల ఫ్లో లేదని సాఫ్ రాసిండు. మాట మీద ఆపరేషన్ ఎట్ల ఆపుత?"

"మరి కాగితం మీద కాలెలా తీస్తారు? మీరు ఈ కాలు ముట్టుకున్నారా అసలు?"

విజయేందర్ గోడ గడియారం చూసుకున్నాడు. జేబులోంచి గీత గీసే పెన్ను తీసి మూత విప్పాడు.

అంబదాస్ మోచేతుల మీద లేచాడు. పొద్దుట్నుంచి గొంతెత్తని మనిషి, ఆ పెన్ను చూసి మాత్రం ఊరుకోలేకపోయాడు. "సార్, నేను సుత రోజు గీత పెట్టి కోసేటోన్నే. ఏడ పెడుతుండ్రో జర చూసి పెట్టుండ్రి. ఒక్కసారి కత్తెర పడ్డంక మల్ల అతికిచ్చుడు ఎవ్వలతోని గాదు."

విజయేందర్ దుప్పటి తొలగించి వంగాడు. టక్. పెన్ను ఆగింది. అతను కాలి మీదికి ఇంకా వంగి, చెవి పిక్కకు ఆనేంత దగ్గరకు వెళ్ళాడు. టక్... టక్... ఆగి ఆగి, పట్టు వదలకుండా మిషను నడుస్తోంది. అతను మొదటిసారి అరచెయ్యి ఆ పాదం మీద వేసి, చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత పెన్ను మూత పెట్టేశాడు.

"సిస్టర్, థియేటర్ క్యాన్సల్ అని చెప్పు. క్యాథ్ ల్యాబ్ ఖాళీ ఉందేమో అడుగు. బెలూన్ ఏద్దాం."

అంజమ్మ మంచం పక్కనే నేల మీద కూలబడి, "ఇంతమంది ఉండి ఇంతసేపు ఏం చేసిండ్రయ్యా?" అని ఏడుపూ తిట్టూ కలిపి అంది. సిస్టర్ ఫోను చేయడానికి బయటికి వెళ్ళింది.

విజయేందర్ అక్కడే నిలబడి ఉన్నాడు. రిపోర్టును మడిచి, మళ్ళీ విప్పి, కింద సంతకం చూశాడు.

"మేడమ్," అన్నాడు గొంతు తగ్గించి, "పోయిన నెల ఇంకో రిపోర్ట్ వచ్చింది. మీ సెంటర్‌దే, గిదే సంతకం. దాన్ని చూసే కాలు తీసేసిన. ఎర్రమంజిల్ క్వార్టర్స్‌ల ఉంటది ఆమె. బడిల పిల్లలకు పాటలు నేర్పుతది."

హైమవతి మంచం రాడ్ పట్టుకుంది.

"ఆవిడ కాలు విన్నారా?"

"ఎవ్వరం ఇనలే మేడమ్."