తెరిచి ఉంచిన మడత

రామాంజినప్ప కంప్యూటర్ తెర మీద మరో శీర్షిక కింది వాక్యాలను మూసి, పక్కన కూడిక గుర్తు నిలబెట్టాడు. దాన్ని నొక్కితే వాక్యాలు కిందికి దిగి, గుర్తు తీసివేతగా మారుతుంది. మళ్లీ నొక్కితే ముడుచుకుంటాయి. 2006లో, హూడిలోని వెబ్‌సైట్లు తయారుచేసే ఓ కార్యాలయంలో, ఈ సంకోచవికాస సామ్రాజ్యానికి ఆయనే ఏకచ్ఛత్రాధిపతి. సింహాసనానికి మాత్రం ఒక చక్రం ఊడిపోయింది. ఆ ఏలుబడికి అదే ఆఖరి రోజు; సాయంత్రంతో ఆయన ఉద్యోగ ఒప్పందం ముగుస్తుంది.

మడత ఆయనకు వంశవిద్య. నగర్తపేటలో తండ్రి చీరల కొట్టులో, అంచూ జానెడు కొంగూ పైకి కనిపించేలా చీరలు మడిచేవాడు. కొట్టు మూతపడ్డాక కంప్యూటర్ నేర్చుకుని పేజీలు మడవసాగాడు. శీర్షిక చీర అంచు వంటిదని, లోపల ఏముందో పైకే చెప్పాలని నమ్మి, "ఇతర వివరాలు" అని ఏనాడూ పెట్టలేదు. తన సంగతులను మాత్రం అంచు కూడా కనిపించకుండా మడిచేశాడు.

నేటి పేజీ ఒక గ్యాస్ పొయ్యిల కంపెనీది. నిన్న దాన్ని ప్రింటు తీసి ఇంటికి తీసుకెళ్లాడు. మూసిన మడతలు కాగితం మీదికి రాలేదు, శీర్షికలే వచ్చాయి. భార్య కదిరమ్మ కళ్లద్దాలు సర్దుకుని చదివింది.

"'గ్యాస్ వాసన వస్తే ఏం చేయాలి?' అని అడిగి ఊరుకుండారే! చెప్పేవాడు యాడికి పోయినాడో?"

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఇప్పుడు మేనేజర్ నవీన్ వెనక వచ్చి నిలబడ్డాడు.

"నవీనప్పా, వాసన సంగతి ఒక్కటీ తెరిచే పెడదాం. పేజీ వస్తానే కనపడాల."

"అంకుల్, అన్నీ క్లోజ్ చేసి ఒకటే ఓపెన్ పెడితే పన్నూడిన నోరులా ఉంటుంది. క్లయింట్‌కి క్లీన్‌గా కావాలి. ఒక్క క్లిక్కే కదా?"

"ఆ క్లిక్కు తెలీనామె మా ఇంట్లోనే ఉండాది."

"ఆంటీ ఉన్నారా? ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదే!"

"ఎవరూ నొక్కి చూడలేదప్పా."

నవీన్ ఇబ్బందిగా నవ్వి, "వెళ్లేలోపు మూసేయండి" అన్నాడు.

సాయంత్రం కేకు కోశారు. సామ్రాజ్యాలు అస్తమించే తీరు ఇప్పుడు ఇదే. ఆయన తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఏ ఆజ్ఞనూ మీరి ఎరగని వేలు ఆఖరున మిగిలిన గ్యాస్ వాసన శీర్షిక మీద కాసేపు ఆగింది. ఆ మడతను తెరిచే ఉంచి, టిఫిన్ క్యారియర్ తీసుకుని, బస్సుకు బయలుదేరాడు.

మర్నాడు ఉదయం నవీన్ దాన్ని చూశాడు. మూయబోయి, చక్రం ఊడిన ఖాళీ కుర్చీ వైపు తిరిగాడు. మౌస్ మీది నుంచి చేయి తీసేసి, పేజీని అలాగే పంపించాడు.

కూడిక గుర్తుల బారులో ఒకే ఒక తీసివేత గుర్తు మిగిలింది. దాని కింద, ఎవరూ నొక్కకుండానే: రెగ్యులేటర్ ఆపండి, కిటికీలు తెరవండి, లైటు వేయకండి.