పత్తిచేలోకి పరిగెత్తిన మస్తాన్

నేను ఒక పది టైర్ల లారీని. ఇంజను ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టినా, నాకు బాడీ కట్టింది విజయవాడ ఆటోనగర్‌లో. ఇద్దరు యజమానుల చేతులు మారి పిడుగురాళ్ల సున్నం మోసే పనిలో పడ్డాను. నిమ్మకాయలు కట్టనిదే నన్ను కదిలించని మనుషులు, డ్రైవర్లు బ్రేకులు బాగుచేయించమంటే మాత్రం వచ్చే నెల అనేవారు.

నా డ్రైవరు మస్తాన్‌వలి మెత్తని మనిషి. అతనికి ముందు నన్ను నడిపిన బాజీ, ఒకసారి యాక్సిడెంటయ్యాక దిగి, పడిపోయినవాడికి నీళ్లు తాగించబోయాడు. జనం కొట్టిన దెబ్బలకు అతని కుడిచెయ్యి మళ్లీ స్టీరింగు పట్టలేదు. ఆ సంగతి చెప్పి ఓనరు మస్తాన్‌ను హెచ్చరించేవాడు: "ఏదన్నా అయితే ముందు దూకి పారిపో. తర్వాత సంగతి లాయరు చూసుకుంటాడు."

ఆ మధ్యాహ్నం మస్తాన్ తొందరపడి బస్సును దాటబోయాడు. ఎదురుగా మోపెడ్ మీద జొన్నచొప్ప కట్టతో గురవయ్య అనే రైతు వస్తున్నాడు. మస్తాన్ బ్రేకు తొక్కాడు. నేను ఆగేలోపే నా బంపరు ఆయన్ను గుద్దేసింది. మస్తాన్ తలుపు తీసి దూకి, పక్కనున్న పత్తిచేలో పడి పరిగెత్తాడు. ఇంజనైనా ఆపలేదు. నేను వణుకుతూ రోడ్డు మధ్యన ఉండిపోయాను.

జనం మూగారు. "డ్రైవరేడిరా?" అని అరుస్తూ నా అద్దాలు పగలగొట్టారు. కొందరు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీశారు. కాలు నుజ్జయిన గురవయ్య చొప్పలో పడి "నీళ్లు... నీళ్లు" అంటున్నాడు. అంత కోపంలో ఆ మాట ఎవరికీ వినపడలేదు.

అప్పుడు చేలోంచి మస్తాన్ తిరిగొచ్చాడు. కాళ్లకు చెప్పుల్లేవు. చొక్కా పట్టి లాగి కొట్టారు. అతను చేతులు జోడించాడు.

"కొట్టండయ్యా, వద్దనను. ఆస్పత్రికి పోయొచ్చినాక కొట్టండి. ముందు ఆయన్ని ఎక్కియ్యండి!"

"ఒరేయ్, ఆ మనిషిని పట్టండ్రా ముందు!" అని ఒక పెద్దావిడ గద్దించింది. లేచిన చేతులు అప్పుడు గురవయ్యను ఎత్తి నా క్యాబిన్‌లో పడుకోబెట్టాయి. నెత్తురోడుతున్న పెదవితోనే మస్తాన్ నన్ను ఆస్పత్రి దాకా నడిపాడు.

గురవయ్య బతికాడు. కాలు మాత్రం దక్కలేదు. మస్తాన్ మీద కేసు పెట్టారు, నన్ను స్టేషను ఆవరణలో నిలబెట్టారు. బెయిలు మీద సంతకానికొచ్చిన రోజు కానిస్టేబులు అతన్ని అడిగాడు.

"తిరిగొచ్చేవాడివి అసలెందుకు పరిగెత్తావయ్యా?"

"పరిగెత్తేటప్పుడు నా పిల్లల మొహాలు కనపడినయ్యి సార్. చేలో దాక్కున్నాక ఆయన మొహమే."

నా పక్కన, ఎవరినో గుద్దిన కారొకటుంది. దాని డ్రైవరు ఇంకా దొరకలేదట. ప్రహరీ అవతల రోడ్డు మీద సడన్ బ్రేకు కీచుమన్నప్పుడల్లా, తలుపు తెరుచుకున్నాక అడుగుల చప్పుడు ఎటు పోతుందోనని వింటూ ఉంటాను.