తిరగేసిన సూది

కుట్టుమిషన్‌కి ఏ జబ్బు చేసినా నాకు చప్పుడుతోనే తెలిసిపోతుంది. మనుషుల సంగతి అలా తెలియదు. మా తమ్ముడు, అదే మా చిన్నోడు, ఈ దుకాణం మెట్టు దిగి వెళ్ళిపోతుంటే, పోయి ఎక్కడికి పోతాడులే, ఆకలేస్తే వాడే వస్తాడు అనుకున్నాను. రాలేదు.

దుకాణం మా నాన్నది. కుట్టుమిషన్లు బాగుచేస్తాం. ఒక బల్ల, రెండు స్టూళ్ళు, గోడకి మేకులు, మేకులకి బెల్టులు, అంతే మా ఆస్తి. రెండో స్టూలు మీద నేను ఎవర్నీ కూర్చోనివ్వను. పక్క దుకాణంలో గుండీలు అమ్మే పిన్ని మధ్యాహ్నం కబుర్లకి వస్తే నిలబడే మాట్లాడాలి. "నీ తమ్ముడొచ్చే లోపల నా మోకాళ్ళు అరిగిపోతాయే" అని దెప్పుతుంది. నవ్వేసి ఊరుకుంటాను గానీ, సాయంత్రం ఆ స్టూలు తుడవకుండా దుకాణం కట్టెయ్యను. నాన్న పోయాక కూడా నేను ఇంత బెంగపడలేదు. పోయినవాళ్ళ కోసం ఏడ్చి ఊరుకుంటాం. ఉన్నవాడి కోసం ఎన్నాళ్ళని ఏడుస్తాం?

గొడవ ముద్ర దగ్గర వచ్చింది. వినియోగదారుల రక్షణ ఆఫీసువాళ్ళు చిన్న దుకాణాలకి ఆమోదం ఇస్తామన్నారు. వాళ్ళు పెట్టే పరీక్ష నెగ్గితే పచ్చ బోర్డు ఇస్తారు, గుమ్మం మీద తగిలించుకోవచ్చు. చేరదామన్నాడు చిన్నోడు. నాకు ఒళ్ళు మండింది.

"నాన్న నేర్పిన పనికి ఎవడో వచ్చి ముద్ర వెయ్యాలా?" అన్నాను.

"నాన్నని ఎరిగినవాళ్ళకి అక్కర్లేదక్కా. ఎరగనివాళ్ళ మాటేంటి? వీధి చివరివాడు బాగున్న మోటారు కూడా పీకేసి కొత్తది అంటగడుతున్నాడు. బయటినుంచి చూసేవాళ్ళకి వాడి గుమ్మం, మన గుమ్మం ఒకటే కదా."

వాడన్నదాంట్లో తప్పు లేదు. అందుకే ఇంకా మండింది. "అంత ముద్ర పిచ్చి ఉంటే ఆ ముద్రలేసేవాళ్ళ దగ్గరికే పో. మళ్ళీ ఈ మెట్టు ఎక్కకు" అనేశాను. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. ఎదుటివాడికీ నాకున్నంత పౌరుషం ఉందాయె, ఒకే కడుపున పుట్టినవాళ్ళం.

ఫోను నంబరు మార్చేశాడు. ఏదో ఊళ్ళో ఏదో ఆఫీసులో ఉన్నాడని మాత్రం విన్నాను.

తర్వాత అంతా వాడు చెప్పినట్టే అయింది. జనం మిషన్ చంకన పెట్టుకుని గుమ్మం దాకా వచ్చేవాళ్ళు, తలెత్తి బోర్డు కోసం చూసేవాళ్ళు, అటునుంచి అటే వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళ తప్పేముంది, ఒకసారి మోసపోయిన చేతులు. నాకు మాత్రం దుకాణం ఖాళీ అయిపోతోంది. చివరికి నా పౌరుషం మడిచి బల్ల కింద పెట్టి, ఆఫీసుకి వెళ్ళి చేరాను.

అక్కడి అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. "మా మనిషి మామూలు కస్టమర్‌లా మిషన్ తెస్తారండి. అందులో లోపాలు మేమే పెట్టి పంపుతాం. ఏ మిషన్ ఏ దుకాణానికి వెళ్తుందో లోపాలు పెట్టేవాళ్ళకి కూడా తెలియదు. బాగుచేశాక వాళ్ళే చూసి నెగ్గిందీ లేనిదీ రాస్తారు. మాలో చేరిన దుకాణాలతో వాళ్ళకి రాకపోకలు ఉండకూడదు, టీ తాగినా ఉద్యోగం పోతుంది. పరీక్ష తప్పితే మాత్రం మీరు మాలో లేనట్టే. మళ్ళీ ఏడాది దాకా చేర్చుకోం."

"టీ కూడానా? పాపం, వాళ్ళదేం బతుకమ్మా" అన్నాను. అప్పుడు నవ్వులాటగానే అన్నాను.

కొన్నాళ్ళకి ఒకావిడ మిషన్ తెచ్చి బల్ల మీద పెట్టింది. కుట్టు సరిగ్గా పడటం లేదంది. ఏం కుడుతుంటారమ్మా అని అడిగితే తడబడి, "అన్నీనండి" అంది. సాయంత్రం వస్తానని వెళ్ళిపోయింది. పరీక్ష మిషన్ ఇదేనని నాకు అర్థమైపోయింది.

మూత తీసి చూస్తే సూది తిరగేసి ఉంది. చదునుగా ఉండే వైపు ఇటుండాల్సింది అటుంది. నాకు నవ్వాగలేదు. మేం చిన్నప్పుడు మొదట నేర్చుకున్నదే అది. ఇంత మాత్రానికి ఇంత హంగామానా అనుకుంటూ, అలవాటు కొద్దీ కింది దారం ఉండే బాబిన్ కేసు కూడా తీసి, దాని స్ప్రింగు విప్పాను.

స్ప్రింగు కింద గోరంత ఎర్ర దారం ముక్క ఉంది.

నా చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. నాన్న మాకు పని నేర్పింది ఇలాగే. మిషన్‌లో రెండు తప్పులు పెట్టి, కనుక్కోండిరా అని వదిలేసేవాడు. ఒకటి నవ్వొచ్చేంత తేలిక. అది దొరగ్గానే మేం ఎగిరి గంతులేస్తాం కదా, రెండోది ఆ గంతులు అణచడానికి. ఆ రెండోది ఎప్పుడూ స్ప్రింగు కింద ఎర్ర దారమే. "దానంతటదే చేరిన దారం ఏ రంగైనా ఉంటుంది. ఎర్రదైతే మాత్రం నేను పెట్టిందని తెలుసుకోండి" అనేవాడు. ఈ సంగతి తెలిసినవాళ్ళం లోకంలో ఇద్దరమే మిగిలాం.

ముద్రలేసేవాళ్ళ దగ్గరికే పో అన్నాను. నా మాట జవదాటకుండా అక్కడికే పోయాడు వెధవ.

ఆ దారం ముక్కని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వాడి వేళ్ళు తాకిన వస్తువు ఇన్నేళ్ళకి నా చేతిలో పడింది. తిన్నాడో లేదో, చిక్కాడో ఏమో, దారం చెప్పదు కదా. మిషన్ సరిగ్గా చేసిచ్చానంటే బోర్డు వస్తుంది, దుకాణం నిలబడుతుంది. ఆ బోర్డు గుమ్మం మీద ఉన్నన్నాళ్ళూ వాడు నా చేతి టీ తాగకూడదు. పోనీ పరీక్ష వద్దని వెళ్ళి చెప్తే, నేనిక్కడ ఎదురుచూస్తున్నానని వాడికి ఎలా తెలుస్తుంది? వాడిదాకా వెళ్ళే వస్తువు ఈ మిషన్ ఒక్కటే.

మిషన్ శుభ్రం చేశాను. నూనె వేశాను. సూది సరిగ్గా పెట్టి, ఎర్ర దారం ఎక్కించి, తెల్ల గుడ్డ ముక్క మీద ఒక వరస కుట్టాను. నాన్న బతికుంటే భుజం తట్టేవాడు, అంత బాగా పడింది కుట్టు. ఆ గుడ్డని మిషన్ పాదం కిందే వదిలేశాను, బాగుచేసిన మిషన్‌కి మేమెప్పుడూ అలాగే వదుల్తాం. తర్వాత సూది ఊడదీసి, మళ్ళీ తిరగేసి బిగించాను.

సాయంత్రం ఆవిడ వచ్చి మిషన్ పట్టుకెళ్ళింది.

పరీక్ష తప్పారని ఆఫీసు నుంచి కబురొచ్చింది. గుండీల పిన్ని నోరు నొక్కుకుంది. "సూది తిరగేసి ఉంటే నీకు కనబడలేదంటే నేను నమ్మాలా? ఏ పిచ్చి పట్టిందే నీకు?" బేరాలు లేవు, వాడూ లేడు. రెంటికీ చెడ్డానేమోనని భయం పట్టుకుంది. కళ్ళల్లో వత్తులేసుకుని వీధిలోకే చూస్తూ కూర్చునేదాన్ని. ఎవరు మెట్టు దగ్గర ఆగినా చేతిలో పని వదిలేసి లేచేదాన్ని.

ఒక మధ్యాహ్నం బెల్టు బిగిస్తుంటే బల్ల మీద నీడ పడింది. చిన్నోడు. జుట్టు పలచబడింది, బుగ్గలు లోపలికి పోయాయి. మెట్టు కిందే నిలబడి ఉన్నాడు, ముఖం కోపంతో జేవురించి ఉంది. చేతిలో నేను కుట్టిన గుడ్డ ముక్క.

"సూది కనబడలేదా అక్కా నీకు?"

"కనబడింది."

"చిన్నపిల్ల కూడా చెయ్యని తప్పు. ఎక్కడికి వెళ్తుందో తెలియకపోయినా ప్రతి మిషన్‌లోనూ ఎర్ర దారం పెట్టాను, ఒక్కటైనా నీ దగ్గరికి రాదా అని. తీరా వచ్చాక, తప్పిందని నా చేత్తో నేనే రాయాల్సి వచ్చింది. ఏడాది దాకా నీకు బోర్డు ఇవ్వరు, తెలుసా?"

"తెలుసురా" అన్నాను, రెండో స్టూలు ముందుకి లాగుతూ. "ఏడాది దాకా నువ్వు టీ తాగొచ్చు."

వాడు కాసేపు ఆ స్టూలు వైపే చూశాడు. తర్వాత చెప్పులు విప్పి మెట్టు ఎక్కాడు.